ఆగండమ్మా, ఇంకా తాగకండి

నూకరత్నం ఇంటి కుళాయి ఎండిపోయిన వారమే ఆ ఊరి మున్సిపాలిటీకి మనసు పుట్టింది. ఈ రెంటికీ సంబంధం ఏమీ లేదు. ఉండి ఉంటే ఈ కథ ఒక్క పేరాలో అయిపోయేది.

ముందు కుళాయి సంగతి చెప్పుకుందాం. కంచరవీధికి కొత్తగా సిమెంటు రోడ్డు వేశారు. వేసినవాళ్లు రోడ్డు పైన చూపిన శ్రద్ధ రోడ్డు కింద చూపలేదు. తవ్వే యంత్రం ఎక్కడో మంచినీళ్ల గొట్టానికి తగిలింది. తగిలిన చోట నున్నగా సిమెంటు పోసి, చేతులు దులుపుకుని వెళ్లిపోయారు. వీధి చివర నూకరత్నం కుళాయి కొన్నాళ్లు బురద కక్కింది, తర్వాత గాలి వదిలింది, ఆ తర్వాత నోరు మూసుకుంది. ఆ చివర మిగతా ఇళ్లవాళ్లకి పెరట్లో బోర్లున్నాయి. నూకరత్నానికి పెరడే లేదు.

ఆవిడది టిఫిన్ బండి. వీధి మొగలో పొద్దున్నే ఇడ్లీ, పెసరట్టు. పప్పు నానాలన్నా, పిండి రుబ్బాలన్నా, ప్లేట్లు కడగాలన్నా నీళ్లే కదా. బస్టాండు పక్కనున్న వీధి పంపు నుంచి బిందెలు మోసి మోసి ఆవిడ మోకాలు వాచిపోయింది. మొగుడు సింహాచలం తానే మోస్తానని రోజూ అంటాడు గానీ, మిల్లులో బస్తాలు మోసిన రోజుల్లోనే అతని నడుము పోయింది. బండి ఆగితే ఇంట్లో పొయ్యి కూడా ఆగుతుంది. అందుకని అర్జీ రాయించుకుని, సోమవారం పూట మున్సిపాలిటీకి బయల్దేరింది.

ఇక మనసు సంగతి. కమిషనర్ విఠల్‌రావు గారు అంతకుముందు మామూలు మనిషే. కోపం వస్తే అరిచేవారు, తోస్తే పని చేసేవారు. ఆయన్ని ఎక్కడో చల్లటి కొండమీదికి పిలిచి 'సానుభూతితో పరిపాలన' అని శిక్షణ ఇచ్చి పంపారు. కొండ దిగగానే సిబ్బందిని సమావేశపరిచి, గొంతు తగ్గించి మాట్లాడారు. ఆ గొంతు విని సగంమంది ఆయనకి జ్వరమేమో అనుకున్నారు.

"ఇకపై మన కార్యాలయం ఆసాంతం దయతో నడవవలెను. అయితే కనిపించని దయ రికార్డుకెక్కదు. రికార్డుకెక్కనిది జరగనట్టే. కావున ప్రతి విభాగమూ రోజుకొక దయగల చర్య చేపట్టి, ఫొటోతో సహా మన పేజీలో పెట్టవలెను. వెనకబడిన విభాగాల మీద కఠిన చర్యలు తీసుకోబడును."

పేజీకి 'మనసున్న మున్సిపాలిటీ' అని పేరు పెట్టారు. దానికి నోడల్ అధికారిగా దైవాధీనం గారిని వేశారు. అంతవరకూ ఆయన జనన మరణాల విభాగంలో ఉండేవారు. ఎవరింటికి భోజనానికి పిలిచినా విస్తరికి ఫొటో తీయనిదే ముద్ద ముట్టరని ఆయనకి మంచి పేరుంది. ఆ అర్హత చాలింది.

నూకరత్నం గుమ్మంలోకి అడుగుపెట్టగానే ఆ దైవాధీనం గారే ఎదురొచ్చారు.

"రండమ్మా, రండి రండి! ఎండనపడి వచ్చారు. ముందిలా కూర్చోండి."

ఆ ఆఫీసులో తనకి కుర్చీ వేసిన మనిషిని ఆవిడ జన్మలో చూడలేదు. సగం కుర్చీ మీదే కూర్చుంది. ఆయన చల్లటి నీళ్ల బాటిలు చేతికిచ్చారు. ఆవిడ మూత మీద చెయ్యి వేసింది.

"ఆగండమ్మా, ఇంకా తాగకండి."

ఫొటో తీయడానికి ఒకాయన ఫోను పట్టుకున్నాడు. ఇంకొకాయన గుండ్రటి లైటు పట్టుకున్నాడు. లైటు పట్టుకున్నది ఫిట్టరు అప్పన్న.

"బాటిలు కొంచెం పైకి. నా చెయ్యి కూడా పడాలి. ఆఁ, అలాగే. ఇప్పుడు నావంక చూడండి. మొహంలో దాహం రావాలి."

"దాహంగానే ఉందండి బాబూ."

"ఉంటే చాలదమ్మా, కనపడాలి."

కనపడేదాకా తీశారు. నూకరత్నం ఈ లోపల అప్పన్నని పలకరించింది. "అదేంటి అప్పన్నా, నువ్వు గొట్టాలు బాగుచేసేవోడివి కదా?"

"ఇప్పుడు కాదక్కా. నన్ను లైటింగులో ఏసేరు."

ఫొటో కుదిరింది. దైవాధీనం గారు ఆవిడ చేతిలోంచి బాటిలు మెల్లగా వెనక్కి తీసుకున్నారు. "సీలు తీసేస్తే తర్వాత వచ్చేవాళ్లకి ఏం ఇస్తామమ్మా? ఇవాళ చాలామంది ఉన్నారు," అన్నారు ఎంతో మర్యాదగా. అర్జీ మాత్రం తీసుకున్నారు. దాని మీద 'దయతో స్వీకరించడమైనది' అని ముద్ర కొట్టారు.

నూకరత్నం వీధి పంపు దగ్గర దాహం తీర్చుకుని ఇంటికొచ్చింది. అయినా ఆవిడకి సంతోషంగానే ఉంది. కుర్చీ వేసినవాళ్లు కుళాయి వెయ్యరా అనుకుంది.

సాయంత్రానికి పేజీలో ఫొటో వచ్చింది. 'దాహంతో వచ్చిన ఒక తల్లి. ఒక్క గుక్క నీరు. మనసుంటే మార్గముంటుంది' అని రాశారు. ఊరు ఊరంతా చూసి కళ్లు తుడుచుకుంది. సింహాచలం వచ్చిన ప్రతి కామెంటూ పెళ్లానికి చదివి వినిపించాడు.

"చూడవే, ఎవరో 'మానవత్వం ఇంకా బతికే ఉంది' అన్నారు. ఇంకొకాయన నీకు దణ్ణాలెట్టేడు."

"నాక్కాదు, ఆ బాటిలు ఇచ్చినాయనకి. ఏవయ్యా, కుళాయెప్పుడు వత్తాదో ఎవరైనా రాసేరా?"

అది ఎవరూ రాయలేదు.

మరుసటి సోమవారం వెళ్తే దైవాధీనం గారు గేటు దాకా ఎదురొచ్చారు. ఆవిడ ఫొటోని చూసినంతమంది ఆ మున్సిపాలిటీ పుట్టాక దేన్నీ చూడలేదట. కమిషనర్ గారు స్వయంగా లోపలికి పిలిపించి శాలువా కప్పారు.

"అయ్యగారూ, కుళాయి," అంది నూకరత్నం శాలువాలోంచి.

"మీ అర్జీ మా హృదయంలో ఉన్నది."

"అప్పన్న చేతికిత్తే సరిపోద్దండి."

కమిషనర్ గారు కళ్లు మూసుకుని చిరునవ్వు నవ్వారు. కొండమీద నేర్పిన నవ్వది. "తొందరపడకూడదమ్మా. సదరు సమస్య పరిష్కారమైన మరుక్షణం మీరు లబ్ధిదారుల జాబితాలోంచి వెళ్లిపోతారు. జాబితాలో లేని వ్యక్తి పట్ల ఈ కార్యాలయం దయ చూపజాలదు. మిమ్మల్ని అలా వదిలేయడానికి మాకు మనసొప్పడం లేదు."

నూకరత్నం ఆ మాటని దారి పొడుగునా తిరగేసి బోర్లేసి చూసుకుంది. ఎటు తిప్పినా అందులోంచి చుక్క నీరు రాలలేదు.

అక్కడినుంచి దయ ముదిరింది. ప్రతి విభాగానికీ రోజుకొక చర్య కావాలి కదా. కొత్త మనిషిని వెతకడం కష్టం, వెతికినా జనం చూస్తారో లేదో తెలియదు. నూకరత్నమైతే జనం చూస్తారు. పన్నుల విభాగం వచ్చి ఆవిడకి చీర పెట్టింది. పట్టణ ప్రణాళిక విభాగం ఆవిడ ఇంటి ముందు మొక్క నాటి, దానికి నీళ్లు పొయ్యమని ఆవిడకే చెప్పి వెళ్లింది. ఇంజినీరింగ్ విభాగం వాళ్లు ఎండిపోయిన కుళాయి పక్కన నిలబడి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, 'మీ బాధ మా బాధ' అని వీడియో తీశారు. ఆ వీడియోకి పాట కూడా పెట్టారు. ప్రతివారూ ఒక శాలువా తేవడంతో ఇంట్లో శాలువాలు గుట్ట పడ్డాయి. వాటి మీద పసుపూ గంధమూ మరకలు. ఉతకడానికి నీళ్లు లేవు.

వీటన్నిటినీ మించింది పాదపూజ. శానిటరీ ఇన్‌స్పెక్టర్ రామభద్రం గారు మిగతా విభాగాల ముందు తేలిపోతున్నానని దిగులుపడి, బాగా ఆలోచించి, 'శ్రమించే పాదాలకు సలాం' అని కార్యక్రమం పెట్టారు. బండి పక్కనే పీట వేసి నూకరత్నాన్ని కూర్చోబెట్టారు. ఆఫీసు ట్యాంకు నుంచి నిండు బిందె తెప్పించారు. ఆ బిందె చూసేసరికి నూకరత్నం ప్రాణం లేచొచ్చింది.

"బాబుగారూ, నా కాళ్లు బాగానే ఉన్నాయండి. ఆ నీళ్లు ఆ గిన్నెలో పోసెయ్యండి, మినపప్పు నానబెట్టుకుంటాను."

"అలా అనకూడదమ్మా. ఇది మీ గౌరవానికి సంబంధించిన నీరు."

"గౌరవానికి ఓ చెంబుడు చాలదాండి? మిగతాది పప్పుకి..."

రామభద్రం గారు వినలేదు. కంట తడి పెట్టుకుని, బిందెడు నీళ్లూ ఆవిడ కాళ్ల మీద కుమ్మరించారు. దైవాధీనం గారు ఇంకో కోణంలో కావాలంటే రెండో బిందె తెప్పించారు. నీళ్లన్నీ కొత్త సిమెంటు రోడ్డు మీదుగా మురిక్కాలవలోకి పోయాయి. పీట మీద కూర్చుని ఆ పారే నీళ్లనే చూస్తుంటే ఆవిడకి నిజంగా ఏడుపొచ్చింది. ఆ ఏడుపు వీడియోలో చాలా బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ వారంలోనే బండికి ఒక నోటీసు అంటించి ఉంది. ప్లేట్లు కడగడానికి తగినంత నీటి వసతి లేనందున, పరిశుభ్రతా నియమాల ప్రకారం, వారంలోగా నీటి వసతి చూపని పక్షంలో సదరు టిఫిన్ బండి తొలగించబడును. సంతకం రామభద్రం. నూకరత్నం పరుగున వెళ్లి ఆయన టేబులు ముందు నిలబడింది.

"అదేంటి బాబుగారూ! మొన్న కాళ్లు కడిగి, ఇయ్యాల కడుపు మీద కొట్టేరు?"

ఆయన తల కూడా ఎత్తలేదు. "అది పేజీ పని, ఇది ఆఫీసు పని. రెండూ కలపకూడదమ్మా." ఫోనులో ఏదో టైపు చేసుకుంటూ ఉన్నారు. తర్వాత సింహాచలం చూపిస్తే తెలిసింది. 'ఈరోజు ఒకరి ముఖంలో చిరునవ్వుకి కారణం అవుదాం' అని రాస్తున్నారట.

సింహాచలం మాత్రం ఇంకా ఆశ వదల్లేదు. ఈ మధ్య బండి దగ్గరికి జనం బాగానే వస్తున్నారు. తినడానికి కాదు, నూకరత్నంతో ఫొటో దిగడానికి. "ఇంత పేరొచ్చింది కదే. ఇంతమంది మనసున్నోళ్లు మన ఎనకాల ఉన్నారు. ఓపాలి ఆళ్లకే చెప్పుకో," అన్నాడు.

అదీ నిజమే అనిపించింది. దైవాధీనం గారు లైవు పెట్టి "చెప్పండమ్మా, మున్సిపాలిటీ ఆప్యాయత మీకెలా అనిపించింది?" అని అడిగినప్పుడు ఆవిడ ఉన్నమాట చెప్పేసింది.

"అందరూ మంచోళ్లేనండి. కానీ నాకు శాలువాలొద్దండి. కుళాయిలో నీళ్లొత్తే చాలు. బండి తీసేత్తారంట. బండి లేకపోతే మేం ఎలా బతకాలండి?"

లైవు టక్కున ఆగింది. కామెంట్లు మాత్రం ఆగలేదు. ప్రొఫైల్‌లో తామరపువ్వు పెట్టుకుని, 'ఎవరినీ నొప్పించకు' అని రాసుకున్న ఒకావిడ 'ఇలాంటిదానికి చుక్క నీళ్లు కూడా పొయ్యకూడదు' అంది. 'దయే నా మతం' అనే ఆయన ఆవిడ ఒంటి రంగునీ ఒళ్లునీ కలిపి ఒక మాటన్నాడు. మొన్న దణ్ణాలు పెట్టినాయన బండి ఎక్కడుందో చెప్తే తానే వచ్చి తగలబెడతానన్నాడు. కింద జోడించిన చేతుల బొమ్మ పెట్టాడు, అలవాటుగా. సింహాచలం కొన్ని చదివి ఫోను బోర్లా పెట్టేశాడు. మనిషిని అంతగా తిట్టాలంటే ఎంత దయ కావాలో అని నూకరత్నం ఆ రోజంతా ఆలోచిస్తూ కూర్చుంది. పిండి కూడా రుబ్బలేదు.

మర్నాడు ఆవిడని కమిషనర్ గారి గదికి పిలిపించారు. బల్లచుట్టూ అన్ని విభాగాలవాళ్లూ దిగులుమొహాలతో కూర్చున్నారు.

"కార్యాలయం మొత్తం నొచ్చుకున్నది," అన్నారు కమిషనర్ గారు. "మీ వైపు నుంచి కృతజ్ఞతా లోపం స్పష్టంగా గమనించడమైనది. అయినా మేము శిక్షించము. దిద్దుతాము. ఈ శుక్రవారం రాజధాని నుంచి పరిశీలక బృందం వస్తున్నది. మన మున్సిపాలిటీకి కరుణా పురస్కారం ఇవ్వాలా వద్దా అని చూస్తారు. ఆ లోపల మీరు కూడా ఎవరో ఒకరి పట్ల ఒక దయగల చర్య చేసి, ఫొటోతో సమర్పించవలెను. లేనిచో బండి విషయంలో చట్టం తన పని తాను చేసుకుపోవును."

"ఎవరి మీద చూపించాలండి దయ?"

"అవసరంలో ఉన్నవారెవరైనా సరే," అన్నారు దైవాధీనం గారు. "కానీ అవసరం కనపడాలమ్మా."

"ఎలా తియ్యాలో తెలుసునండి," అంది నూకరత్నం. "మీరే నేర్పేరు కదా."

శుక్రవారం ఎండ నిప్పులు చెరిగింది. సమావేశపు హాలుకి మామిడాకులు కట్టారు, గోడలకి నూకరత్నం ఫొటోలు పెద్దవి చేసి పెట్టారు. రాజధాని నుంచి వచ్చిన బృందంలో పెద్దావిడ పేరు సువర్చల. తెల్లజుట్టు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. ఆవిడ వచ్చీ రాగానే మంచినీళ్లు అడిగింది. అక్కడ మొదలైంది అసలు సంగతి.

కంచరవీధి కింద పగిలిన గొట్టం ఇన్నాళ్లూ ఊరికే కూర్చోలేదు. లోపల్లోపల కోసుకుంటూ పోయి, ఆ రోజు పొద్దున్న ఆఫీసుకి వెళ్లే పెద్ద గొట్టం దగ్గర పూర్తిగా తెగింది. ఆఫీసు ట్యాంకులో ఉన్న కాస్తా హాలు కడగడానికి అయిపోయింది. ఇక మిగిలింది బల్లల మీద వరసగా పెట్టిన నీళ్ల బాటిళ్లు. సువర్చల గారు ఒకటి తీసి మూత తిప్పబోతే దైవాధీనం గారు గాభరాగా అందుకున్నారు.

"అవి తాగడానికి కాదండి మేడం. ఇవ్వడానికి. మొదటినుంచీ అవే వాడుతున్నాం. ఎండకి బాగా కాగిపోయాయి."

ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని ఆయన్ని ఒకసారి చూసింది. కొనుక్కురమ్మని జవానుని పంపారు గానీ, నీళ్లు పోయాయన్న వార్త అప్పటికే పాకి, కొట్లలో బాటిళ్లు ఖాళీ అయిపోయాయి. అయినా కార్యక్రమం ఆపడం మర్యాద కాదు కదా. కమిషనర్ గారు మైకు అందుకున్నారు. 'కరుణ అనగా నేమి' అని మొదలుపెట్టి అనర్గళంగా మాట్లాడుతూ పోయారు. ఫ్యాన్లు వేడిగాలి కొడుతున్నాయి. కాసేపటికి గొంతు బొంగురుపోయింది. 'కరు...' అన్నారు, రెండో అక్షరం దాటి రాలేదు. దగ్గు పట్టుకుంది. ఎంతకీ తగ్గదు.

సరిగ్గా అప్పుడే నూకరత్నం కుంటుకుంటూ హాల్లోకి వచ్చింది. చంకన బిందె. వీధి పంపు దగ్గర పొద్దున్నుంచీ కాచుకుని పట్టిన నీళ్లు. వెనకాల ఫోను పట్టుకుని సింహాచలం.

"దయగల చర్య చేద్దావని వచ్చానండి," అంది అందరికీ వినపడేలా. స్టీలు గ్లాసు నిండా నీళ్లు ముంచి కమిషనర్ గారి చేతికిచ్చింది. ఆయన ఆత్రంగా నోటి దగ్గర పెట్టుకున్నారు.

"ఆగండి సార్, ఇంకా తాగకండి."

ఆయన ఆగారు. వారాల తరబడి ఆ ఆఫీసులో అందరినీ ఆపిన మాట కదా, అది వినగానే ఆయన చెయ్యి దానంతట అదే ఆగిపోయింది.

"గ్లాసు కొంచెం పైకి. నా చెయ్యి కూడా పడాలండి. ఏవయ్యా, పడిందా?"

"పడలేదే," అన్నాడు సింహాచలం. "సార్ మొగంలో దాహం సరిగ్గా రాలేదు."

"అమ్మా... నీళ్లు..." అన్నారు కమిషనర్ గారు దగ్గులోంచి.

"ఆఁ, ఇప్పుడొచ్చింది! అలాగే ఉండండి. అప్పన్నా, ఆ లైటు ఇటు కొట్టు."

అప్పన్న కొట్టాడు. ఇంకో రెండు కోణాల్లో కూడా తీశారు. తర్వాత నూకరత్నం ఆయన చేతిలోంచి గ్లాసు మెల్లగా వెనక్కి తీసుకుంది. హాలంతా నోరు తెరిచింది.

"ఇదేమిటమ్మా!" అన్నారు దైవాధీనం గారు. "ఫొటో అయిపోయింది కదా, ఇక ఆయన్ని తాగనివ్వండి!"

"ఎలాగండి బాబూ? తాగేత్తే అయ్యగారి దాహం తీరిపోద్ది. తీరిపోయిందంటే జాబితాలోంచి ఎల్లిపోతారు. ఇంక ఆరి మీద దయ చూపించడానికి మనకి ఈలుండదు. ఆర్ని అలా వదిలేడానికి నాకు మనసొప్పటం లేదండి."

ముందు వరసలో సువర్చల గారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని కొంతసేపటికి గానీ అర్థం కాలేదు.

కమిషనర్ గారు గ్లాసు వంక చూశారు. గోడల మీద ఫొటోల వంక చూశారు. అందులో నూకరత్నం చేతుల్లో సీలు తీయని బాటిలు ఉంది. కొండమీద నేర్పినవన్నీ మరిచిపోయి, ఆయన చాలాకాలం తర్వాత మామూలు మనిషిలా అరిచారు.

"అప్పన్నా! ఆ లైటు అవతల పారేసి రెంచీ పట్టుకోరా! రామభద్రం, ఆ నోటీసు పీకి అవతల పారేయండి! రోడ్డు తవ్వండి! ఇప్పుడే!"

ఆ అరుపులో బొత్తిగా దయ లేదు. అయినా ఆ మున్సిపాలిటీ నోట అంత చల్లటి మాట నూకరత్నం అంతవరకూ వినలేదు. గ్లాసు మళ్లీ ఆయన చేతిలో పెట్టింది. "తాగండి బాబూ, తాగండి. నిదానంగా, పొరబోద్ది," అంది. ఆ తర్వాత సువర్చల గారికీ, దైవాధీనం గారికీ, వచ్చినవాళ్లందరికీ బిందె అడుగంటేదాకా పోసింది. సింహాచలం ఫోను జేబులో పెట్టేసి గ్లాసులు అందించాడు.

పురస్కారం రాలేదని వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రానికి కంచరవీధి కొత్త రోడ్డు నడిమధ్యన పెద్ద గుంట పడింది. అందులో నడుము దాకా బురదలో అప్పన్న. చీకటి పడకముందే కుళాయి దగ్గి, బురద ఊసి, ధార కట్టింది. నూకరత్నం మొదటి బిందె నిండేదాకా దాని పక్కనే కూలబడి, మోకాలు చాపుకుని, చెయ్యి ధార కింద పెట్టుకుని కూర్చుంది. తర్వాత పప్పు నానబోసింది. ఆ తర్వాత శాలువాలన్నీ బకెట్లో పడేసింది. అవి తర్వాత వేడి గిన్నెలు దించుకోడానికి బాగా పనికొచ్చాయి.

కొన్నాళ్లకి ఒక ఉదయం దైవాధీనం గారు బండి దగ్గరికి వచ్చారు. పేజీ మూసేశారు, ఆయన్ని మళ్లీ జనన మరణాల్లోకి పంపారు. చొక్కా నలిగి, మొహం పీక్కుపోయి ఉంది. బండి పక్కనున్న నిండు బిందె వంక చూస్తూ నిలబడ్డారు.

"టిఫిను చేసేరా బాబూ?" అంది నూకరత్నం.

"లేదమ్మా. పొద్దున్నే బయల్దేరాను..."

"కూకోండి."

ప్లేటు కడిగి, నాలుగు ఇడ్లీలు వేసి, అల్లం పచ్చడి పక్కన పెట్టి అందించింది. వేరే బేరం చూసుకుని ఇటు తిరిగేసరికి ఆయన ఇంకా తినలేదు. ప్లేటు కొంచెం పైకెత్తి, మొహం ఒక వైపు తిప్పి, కళ్లలో ఆకలి తెచ్చుకుని అలాగే పట్టుకుని ఉన్నారు.

"ఎవరూ తియ్యట్లేదు బాబూ," అంది నూకరత్నం. "తినండి, చల్లారిపోతాయి."